ఏ ఊరు బిడ్డా మీది?

మా చిన్నమ్మ ఎవరిని కలిసినా మొదట అడిగేది ఒకటే: "ఏ ఊరు బిడ్డా మీది?" పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్నవాళ్లనీ, బస్సులో లేచి సీటిచ్చిన పిల్లనీ, ఆస్పత్రిలో సూదివేసే నర్సునీ అదే అడుగుతుంది. పేరు తర్వాత, ముందు ఊరు తేలాలి. ఊరు తేలితే ఆ ఊళ్లో తనకు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు తేలతారు. ఆ తర్వాత మాటకు అడ్డుండదు.

మొన్న ఫిబ్రవరిలో ఆమె మొదటిసారి ఢిల్లీ వచ్చింది. డెబ్బై రెండేళ్ల మనిషి. పుట్టిందీ మెట్టిందీ ఖిలా వరంగల్‌లోనే. కాకతీయుల రాతి తోరణాలను వాకిట్లో వేపచెట్టును చూసినట్టు రోజూ చూస్తూ పెరిగింది. కొడుకూ కోడలూ, అంటే నా తమ్ముడూ మరదలూ వెంటరాగా కాజీపేటలో రైలెక్కి, మర్నాడు పొద్దున న్యూఢిల్లీ స్టేషన్లో దిగింది. ఇప్పుడది తెలంగాణ ఎక్స్‌ప్రెస్. 1988లో ఉద్యోగపు ఉత్తర్వు చేత్తో పట్టుకుని నేను అదే స్టేషన్లో దిగినప్పుడు దాని పేరు ఏపీ ఎక్స్‌ప్రెస్.

ఆటో కదిలి పదడుగులు వెళ్లిందో లేదో, చిన్నమ్మ ముందుకు వంగి డ్రైవర్ని తెలుగులో అడిగేసింది. అతను అద్దంలోంచి నా వంక చూశాడు. "ఆప్ కహా కే హై భయ్యా, అని అడుగుతోంది" అన్నాను. అతను నవ్వి, దర్భంగా అన్నాడు. బీహార్ అని చెప్పాను. ఇంటికి చేరేలోగా ఆమె ఇంకా ముగ్గుర్ని అడిగించింది. వీధి చివర పాలబూత్ అతనిది ఎటా, కాలనీ గేటు దగ్గర కాపలా అబ్బాయిది అల్మోడా, మా పనిమనిషిది మాల్దా. ఇంట్లోకొచ్చి, మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"మరి ఢిల్లోళ్లు ఏడుంటరే?"

ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో కాపురముంటూ నేనెప్పుడూ వేసుకోని ప్రశ్న అది. "మూడు రోజులు తిప్పుతా కదా, చూద్దువుగానీ" అని తప్పించుకున్నాను.

*

ఇన్నేళ్లలో మా ఇంటికొచ్చిన చుట్టాలకు ఢిల్లీ చూపించి చూపించి నాకో పద్ధతి ఏర్పడింది. మొదట్లో అందరిలాగే ఇండియా గేటుతో మొదలుపెట్టేదాన్ని. సాయంత్రానికి వాళ్ల బుర్రలో తుగ్లక్, బాబర్, బ్రిటిష్ వైస్రాయ్ అందరూ ఒకే ఇంటి అన్నదమ్ములైపోయేవారు. అందుకే ఇప్పుడు కాలం వరసన తిప్పుతాను. మొదటిరోజు దక్షిణాన మెహ్రౌలీ, తుగ్లకాబాద్. రెండోరోజు ఉత్తరాన పాత ఢిల్లీ, తిరుగుదారిలో కొత్త ఢిల్లీ. మూడోరోజు మధ్యలో యమున ఒడ్డు వెంబడి ఫిరోజ్‌షా కోట్లా, హుమాయూన్ సమాధి, నిజాముద్దీన్. ఎర్రకోటకు సోమవారం సెలవు, కాబట్టి రెండోరోజు సోమవారం పడకుండా చూసుకుంటాను. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు. మే, జూన్‌లలో నిప్పులు. ఫిబ్రవరి మంచిది. దర్గాలు, గురుద్వారాలు ఉంటాయి కనుక సులువుగా విడిచి తొడుక్కునే చెప్పులు వేసుకోవాలి, తలమీద కప్పుకోవడానికి ఒక చున్నీ పెట్టుకోవాలి.

ఢిల్లీ ఒక ఊరు కాదని ముందే చెబుతాను. లాల్‌కోట్, సిరి, తుగ్లకాబాద్, జహాపనా, ఫిరోజాబాద్, పురానాఖిలా దగ్గరి దీన్‌పనా, షాజహానాబాద్ అని ఏడు రాజధానులు లెక్కపెడతారు. ఇంగ్లిషువాళ్లు కట్టింది ఎనిమిదోది. ఒక్కొక్కరూ పాతదాన్ని వదిలి పక్కకు జరిగి కొత్తది కట్టుకున్నారు. వదిలేసిన ఊరి రాళ్లు కొత్త ఊరి గోడల్లోకి నడిచొచ్చాయి. పురానాఖిలాలో తవ్వితే మౌర్యుల కాలం నుంచి పొరలు పొరలుగా మనుషులు బతికిన జాడలు బయటపడ్డాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా ఆ కోటగోడల మధ్య ఇందర్‌పత్ అనే పల్లె ఉండేది.

మొదటిరోజు కుతుబ్ మినార్. 72.5 మీటర్లు, 379 మెట్లు. కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టాడు, అల్లుడు ఇల్తుత్‌మిష్ పూర్తిచేశాడు, పిడుగు పడితే ఫిరోజ్‌షా తుగ్లక్ బాగుచేయించి పై అంతస్తులు కట్టించాడు. 1981లో లోపల దీపాలారిపోయి, మెట్లమీద తొక్కిసలాటలో పిల్లలు చనిపోయాక పైకెక్కనివ్వడం ఆపేశారు. మినార్ ఫొటోలు తీసుకోవడానికి తమ్ముడికి అరగంట పట్టింది. నేను చిన్నమ్మను పక్కనున్న ఇనుప స్తంభం దగ్గరికి తీసుకెళ్లాను.

ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తు, ఆరు టన్నుల బరువు. 1600 ఏళ్ల కిందటిది. వాననీళ్లలో నానుతూనే ఉంటుంది, తుప్పుపట్టి రాలిపోలేదు. ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటం వల్ల పైన పలచని పొర ఏర్పడి అదే కాపాడుతోందని లోహశాస్త్రం తెలిసినవాళ్లు తేల్చారు. 1997లో చుట్టూ కంచె వేశారు గానీ, అంతకుముందు స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి పోనిచ్చి వేళ్లు కలిపితే కోరిక తీరుతుందనేవాళ్లు. వచ్చిన కొత్తలో నేనూ ప్రయత్నించాను. హనుమకొండకు బదిలీ కావాలని నా కోరిక. వేళ్లు కలవలేదు.

"దీందే ఊరు?" అని అడిగింది చిన్నమ్మ. మనుషులతో పాటు స్తంభాన్నీ వదలదు. కానీ అది అడగాల్సిన ప్రశ్నే. స్తంభం మీద గుప్తుల కాలపు బ్రాహ్మీ లిపిలో సంస్కృత శాసనం ఉంది. చంద్రుడనే రాజు విష్ణుపదమనే కొండమీద దీన్ని విష్ణుధ్వజంగా నిలిపాడని అందులో ఉంది. ఆ చంద్రుడు రెండో చంద్రగుప్తుడని చరిత్రకారులు చెబుతారు. కొండమీద నిలిపిన స్తంభం చదును నేలమీద మసీదు ముంగిట్లో ఉందంటే, దాన్ని ఎవరో తెచ్చారన్నమాట. ఇదీ వలసొచ్చిందే.

మసీదు వరండాలోకి నడిచాం. అక్కడి స్తంభాల మీద గొలుసులకు వేలాడే గంటలు, పూర్ణకుంభాలు, పూలతీగలు. చిన్నమ్మ చెయ్యి పెట్టి తడిమింది. వేయిస్తంభాల గుడికి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేదు కనుక ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 27 గుళ్ల రాళ్లతో కట్టామని తూర్పు ద్వారం మీద కట్టినవాళ్లే రాయించుకున్నారు. చుట్టాలకు నేనిది దాచను, దాన్ని పట్టుకుని ఆవేశపడనూ పడను. చిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. "మా ఖిలాల గూడ గంతే. గుడి పోయింది, తోరణాలు మిగిలినయి" అంది. తర్వాత, "గివన్నీ వాళ్లయే గదా బిడ్డా. మనదేమున్నది ఈడ?" అంది.

*

అందుకే మధ్యాహ్నం తుగ్లకాబాద్ తీసుకెళ్లాను. మొదటిసారి వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని చూడకుండానే వెళ్లిపోతారు. ఘియాసుద్దీన్ తుగ్లక్ 1321లో మొదలుపెట్టి నాలుగేళ్లలో లేపిన కోట. కొండబండలాంటి గోడలు మైళ్లకొద్దీ ఉంటాయి. లోపల కంపచెట్లు, కోతులు. కొడుకు మహమ్మద్ బిన్ తుగ్లక్ గద్దెనెక్కిన రెండేళ్లకే ఊరు ఖాళీ అయింది. కోట ఎదుట రోడ్డవతల ఘియాసుద్దీన్ సమాధి. ఎర్రరాయి, మధ్యలో పాలరాతి పట్టీలు, పైన తెల్లని గుమ్మటం. గోడలు నిటారుగా ఉండవు. కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి.

చిన్నమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది. "ఇది మా ఖుష్ మహల్ లెక్కనే ఉన్నది" అంది.

వాస్తుశిల్పులు పుస్తకాలు రాసి నిరూపించే సంగతిని ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పేసింది. ఖిలా వరంగల్ తోరణాల పక్కన ఖుష్ మహల్ అనే రాతి హాలు ఉంది. దాని గోడలూ ఇలాగే వాలి ఉంటాయి. షితాబ్‌ఖాన్ మహల్ అని ఊళ్లో అంటారు గానీ, ఆ వాలు తుగ్లకులది. ఓరుగల్లును గెలిచాక వాళ్లు అక్కడ కట్టిన కొలువుకూటం అదని పరిశోధకులు రాశారు. అంటే చిన్నమ్మ చిన్నప్పుడు దాగుడుమూతలాడింది ఢిల్లీ గోడల చాటున.

అప్పుడు ఆమెను అరుగుమీద కూర్చోబెట్టి ఆ కథ చెప్పాను. 1310లో అల్లాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించాడు. ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఆ మట్టికోట గురించి రాశాడు. సంధి కుదిరి ప్రతాపరుద్రుడు కప్పం కట్టాడు. 100 ఏనుగులు, 7,000 గుర్రాలు అని చరిత్రకారుడు బరనీ లెక్క చెప్పాడు. కోహినూర్ సంగతేమిటని తమ్ముడు అడిగాడు, అందరూ అడుగుతారు. రాతపూర్వకంగా లెక్కకొచ్చింది ఏనుగులూ గుర్రాలే అని చెప్పాను. తర్వాత ఈ ఘియాసుద్దీన్ తన కొడుకును పంపాడు. అతని చిన్ననాటి పేరు జూనా, బిరుదు ఉలుగ్ ఖాన్. మొదటిసారి ఓడిపోయి వెనుదిరిగాడు. 1323లో మళ్లీ వచ్చి కోట పట్టాడు. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి పంపించారు. ఇక్కడ విజయోత్సవాలు జరిగాయి గానీ, రాజు ఇక్కడికి చేరలేదు. దారిలో నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడని ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతోంది.

చిన్నమ్మ సమాధి లోపలికి వెళ్లి మూడు గోరీలూ చూసింది. ఒకటి ఘియాసుద్దీన్‌ది, ఒకటి భార్యది, మూడోది ఓరుగల్లు పట్టిన ఆ కొడుకుదంటారు. బయటికొచ్చి, "మన రాజుకు నర్మదల గోరీ గూడ లేకపాయె" అంది.

*

రెండోరోజు పాత ఢిల్లీ. 1639లో షాజహాన్ ఆగ్రా నుంచి రాజధాని మార్చడానికి కోట మొదలుపెట్టాడు. 1648లో కొలువుతీరాడు. కోట లాహోరీ దర్వాజా నుంచి నేరుగా సాగే చాందినీ చౌక్‌ను ఆయన కూతురు జహనారా వేయించింది. అప్పట్లో నడుమ కాలువ పారేది. చౌకులో కొలను ఉండేది, అందులో వెన్నెల పడేదని ఆ పేరు. ఇప్పుడు కాలువ లేదు. రిక్షాలు, మనుషులు, మూటలు, తీగల మీద కోతులు. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే నడవొచ్చు. పన్నెండు దాటితే మన కాళ్లతో పనిలేదు, జనమే తీసుకుపోతారు.

ఈ ఒక్క వీధిలో నడుస్తుంటే కోట ముందు జైనుల లాల్ మందిర్, దాంట్లోనే పక్షుల ఆస్పత్రి; కాస్త ముందుకు శివాలయం; 1675లో ఔరంగజేబు ఆజ్ఞతో గురు తేగ్‌బహదూర్ తల తీసిన చోట సీస్‌గంజ్ గురుద్వారా; దాన్ని ఆనుకునే సునహరీ మసీదు. 1739లో ఇరాన్ రాజు నాదిర్‌షా ఢిల్లీ మీదికి దండెత్తి వచ్చి, ఆ మసీదులో కూర్చుని ఊచకోతకు హుకుం ఇచ్చాడు. ఒక్కరోజులో వేలమంది పోయారు. నెమలి సింహాసనం ఇరాన్‌కు తరలిపోయింది. ఆ యుద్ధంలో నాదిర్‌షాతో సంధి మాటలకు వెళ్లింది మన ఆసఫ్‌జా, హైదరాబాద్ నిజాముల వంశానికి మొదటివాడు.

ఖారీ బావలీ మసాలా బజారులో చిన్నమ్మ తుమ్ములతోనే షికారు చేసింది. పసుపు కొమ్ములు, శొంఠి, ఎండు ఉసిరి మూటలకు మూటలు. ఒక దుకాణం ముందు ఎండుమిరప బస్తా చూసి ఆగింది. ఒకటి తీసి, తొడిమ తుంచి, వాసన చూసి, "గుంటూరుది" అంది. దుకాణదారు తలూపాడు. సరుకు ఊరు తేలింది కాబట్టి ఇక మనిషి ఊరు తేలాలి. డెబ్బై దాటిన ఆ పెద్దాయన తన కుటుంబం 1947లో ముల్తాన్ నుంచి వచ్చిందన్నాడు. వాళ్ల నాన్న రెండు ట్రంకుపెట్టెలతో దిగాడట. చిన్నమ్మకు ముల్తాన్ ఎక్కడో తెలియదు. "ఇప్పుడు పాకిస్తాన్లో ఉంది" అన్నాను. ఆమె పావుకిలో మిరపకాయలు కొంది. ఓరుగల్లు నుంచి ఢిల్లీ వచ్చి గుంటూరు మిరపకాయలు కొనడమేమిటని మరదలు నవ్వితే, "ముసలాయన బోణీ" అంది.

తిరుగుదారిలో కొత్త ఢిల్లీని గబగబా చూపించాను. అక్కడ రోడ్లు వెడల్పు, కథ చిన్నది. 1911 డిసెంబర్ 12న ఐదో జార్జి దర్బారులో లేచి రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నామన్నాడు. రైసీనా కొండ చుట్టుపక్కల పల్లెలు లేపేసి, లుట్యెన్స్, బేకర్ గీసిన గీతల వెంట కట్టి, 1931లో ప్రారంభించారు. ఇండియా గేటు దగ్గర నిజాం కట్టించుకున్న హైదరాబాద్ హౌస్ ఉంది. విదేశాల అధినేతలు వచ్చినప్పుడు టీవీలో కనబడేది అదే. దాని పక్కనే ఆంధ్రా భవన్, అందులో క్యాంటీన్. పప్పు, గన్‌పౌడరు, నెయ్యి, గోంగూర. అక్కడ వరుసలో నిలబడ్డవాళ్లలో తెలుగువాళ్లకంటే పంజాబీలు, బెంగాలీలే ఎక్కువ. చిన్నమ్మకు చేతిమీద అన్నం ఆరిపోయేదాకా మాటలే. ఒక్కరి ఊరూ ఢిల్లీ కాలేదు.

*

మూడోరోజు కోసమే నేను మిగతా రెండురోజులూ తిప్పేది.

పొద్దున ఫిరోజ్‌షా కోట్లా. శిథిలాల నడుమ మెట్లమెట్ల కట్టడం, దాని నెత్తిన 13 మీటర్ల ఏకశిలా స్తంభం. అశోకుడిది. ఇప్పటి హర్యానాలోని తోప్రా అనే పల్లెలో ఉన్నదాన్ని ఫిరోజ్‌షా తుగ్లక్ ముచ్చటపడి ఇక్కడికి తెప్పించాడు. నేలమీద దూదిపరుపులు పరిచి దానిమీదికి మెల్లగా ఒరగనిచ్చారు. రెల్లు, పచ్చితోళ్లు చుట్టారు. 42 చక్రాల బండి ఎక్కించి వేలమంది తాళ్లతో లాగి, యమునలో పడవల మీద దించుకొచ్చారు. దానిమీది రాతను అప్పట్లో ఏ పండితుడూ చదవలేకపోయాడు. 1837లో ఇంగ్లిషు పండితుడు ప్రిన్సెప్ చదివాడు. అదే లిపిలో, అదే రాజు మాటలు మన కర్నూలు వైపు ఎర్రగుడి బండలమీదా ఉన్నాయి. "దీనిదీ ఈ ఊరు గాదన్నమాట" అంది చిన్నమ్మ. ఇనుప స్తంభం, రాతి స్తంభం, గుడి స్తంభాలు. ఆమె వేళ్లమీద లెక్కపెట్టుకుంటోంది.

అక్కణ్ణించి హుమాయూన్ సమాధి. అందరూ నేరుగా ఆ పెద్ద గుమ్మటం వైపు పరుగెడతారు. నేను ముందు కుడిచేతి వైపు తిప్పుతాను. అక్కడ హుమాయూన్‌కంటే ముందు, 1547లో కట్టిన ఈసాఖాన్ సమాధి ఉంది. ఎనిమిది పలకల కట్టడం. చుట్టూ వరండా, ఒక్కో పలకకు మూడేసి కమానులు, వాటిమీద రాతి చూరు, నడుమ గుమ్మటం. చుట్టూ పచ్చిక. "ఈ ఆకారం గుర్తుపెట్టుకోండి" అని చెప్పాను. ఇలాంటివే లోదీ తోటలోనూ ఉన్నాయి. బీహార్ ససరాంలో చెరువు నడుమనున్న షేర్‌షా సమాధిదీ ఈ వరసే. ఇన్నింటికీ ఢిల్లీలో మొదటిదాన్ని చూడటానికి మథురా రోడ్డు దాటి నిజాముద్దీన్ బస్తీ సందుల్లోకి నడిచాం.

దర్గా దారి ఇరుకు. గులాబీల బుట్టలు, కబాబుల పొగ, టోపీల దుకాణాలు. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా పడుకున్న గదిలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. జాలీ బయట కూర్చోవచ్చు. అదే ముంగిట్లో జహనారా గోరీ ఉంది. నిన్న చూసిన చాందినీ చౌక్‌ను వేయించిన మనిషి పైన కప్పు వద్దనుకుంది, గోరీమీద గడ్డి మొలుస్తుంది. నాదిర్‌షా చేతిలో ఓడిన మహమ్మద్‌షా గోరీ పక్కనే. కొన్ని అడుగుల దూరంలో అమీర్ ఖుస్రో. 1325లో గురువు నిజాముద్దీన్ పోయిన కొన్ని నెలలకే పోయాడు. "మన మట్టికోట గురించి రాసిన కవి ఈయనే" అని చెబితే చిన్నమ్మ ఆ జాలీకి దండం పెట్టింది. "మంచిగనే రాసిండు గదా" అంది.

దర్గా వెనక, కోట్ అనే భాగంలో, సందులు ఇంకా ఇరుకవుతాయి. నడుస్తూనే అసలు కథ చెప్పాను.

ఓరుగల్లు పడిపోయాక సుల్తాన్ ముందుకొచ్చిన వాళ్లలో ఒక మనిషి గురించి షమ్సె సిరాజ్ అఫీఫ్ తన ఫిరోజ్‌షా చరిత్రలో ప్రత్యేకంగా రాశాడు. తెలంగాణ హిందువు, ఆ దేశపు రాజు దగ్గర పలుకుబడి ఉన్నవాడు. రాజు దారిలో చనిపోయాక ఇతను ఇస్లాం పుచ్చుకున్నాడు, మక్బూల్ అని పేరు పెట్టారు. పాతపేరును పారశీక రాతలో ఒకరు కట్టు అనీ, ఒకరు కన్ను అనీ చదివారు. ఒకట్రెండు చుక్కల తేడా. ఇతను ప్రతాపరుద్రుడి సేనాని నాగయ గన్నయే అని చరిత్రకారులు కొందరు గుర్తుపట్టారు. ఆ గన్నసేనానికే తిక్కన శిష్యుడు మారన తన మార్కండేయపురాణాన్ని అంకితమిచ్చాడు. పెద్దన మనుచరిత్ర కథ తీసుకున్నది అందులోంచే.

మక్బూల్‌కు చదవడం, రాయడం రావని అఫీఫ్ అన్నాడు. అయినా ముల్తాన్ పాలించాడు, ఉపమంత్రి అయ్యాడు, 1351లో మహమ్మద్ బిన్ తుగ్లక్ పోయాక ఫిరోజ్‌షాకు ప్రధానమంత్రి అయ్యాడు. గన్నయా ఇతనూ ఒకరే అయితే ఈ చదువురాని మాట నాకు నవ్వు తెప్పిస్తుంది. తెలుగులో పురాణం అంకితం పుచ్చుకున్నవాడైనా సరే, పారశీకం రాకపోతే ఢిల్లీ లెక్కలో నిరక్షరాస్యుడే. హిందీ రాకుండా ఇక్కడి ఆఫీసులో నేను గడిపిన మొదటి ఏడాది గుర్తొస్తుంది. ఫైళ్ల మీద నా ఇంగ్లిషు నోట్లు చక్కగానే ఉండేవి, టీ దగ్గర మాత్రం మూగదాన్ని.

ఆ మంత్రికి దక్కిన బిరుదు ఖానె జహాన్. ఫిరోజ్‌షా సింధు మీదికి దండెత్తి, కచ్ ఉప్పునేలల్లో దారితప్పి, ఆరునెలల పాటు అజాపజా లేకుండా పోయాడు. మక్బూల్ ఆ సంగతి ఊరికి పొక్కనివ్వలేదు. రోజూ గుర్రమెక్కి వీధుల్లో తిరిగాడు, సుల్తాను క్షేమమని దొంగ ఉత్తరం పుట్టించి సంబరాలు చేయించాడు. సుల్తాను వచ్చేసరికి ఊరు ఎక్కడిదక్కడే ఉంది. ఢిల్లీకి అసలు రాజు ఖానె జహానే అని ఫిరోజ్‌షాయే అనేవాడట.

చిన్నమ్మ చటుక్కున ఆగింది. "ఢిల్లీకి రాజైనా తల్లికి కొడుకే. వాళ్లమ్మ పేరేంది?"

ఎవరూ రాయలేదు. ఎన్ని లక్షల టంకాల జీతమో, అంతఃపురంలో ఎంతమంది ఆడవాళ్లో అఫీఫ్ రాశాడు. పుట్టిన ప్రతి కొడుక్కూ సుల్తాను భత్యం ఇచ్చేవాడనీ రాశాడు. తల్లి పేరు లేదు. కొడుకు పేరు మాత్రం ఉంది, జూనా షా. ఓరుగల్లు కోట పట్టినవాడి చిన్ననాటి పేరే ఓరుగల్లు మనిషి కొడుక్కి వచ్చింది. ఆ జూనా షా తండ్రి పదవిలో కూర్చుని ఢిల్లీలో మసీదులు కట్టించాడు. తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు, దక్షిణాన ఖిడ్కీ పల్లెలో జాలీ కిటికీల మసీదు, ఇదే బస్తీలో ఇంకొకటి. అన్నిట్లోనూ గోడలు వాలుగా, మందంగా, ఖుష్ మహల్‌కు చుట్టాల్లా ఉంటాయి.

సందు మలుపులో చెయ్యి చూపించాను. మొదట వాళ్లకేమీ కనబడలేదు. నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు, ఇటుకగోడలు. తర్వాత వాటి మధ్యలోంచి నల్లబడిన గుమ్మటం. కమానుల ఖాళీలు ఇటుకలతో పూడిపోయాయి. రాతి చూరు విరిగి ఒకచోట ఇంటి వసారాకు కప్పయింది. ఇందాకటి ఈసాఖాన్ సమాధి ఆకారమే. కాకపోతే దానికంటే 180 ఏళ్లు ముందుది. 1368 ప్రాంతంలో పోయిన మక్బూల్‌ది, ఢిల్లీలో ఎనిమిది పలకల మొదటి సమాధి. పచ్చిక లేదు, టికెట్టు లేదు.

"మనదేమున్నది అన్నవు కదా చిన్నమ్మా" అన్నాను.

ఆమె గోడకు అరచెయ్యి ఆనించింది. అందరినీ అడిగినట్టే, కాస్త నెమ్మదిగా, "ఏ ఊరు బిడ్డా మీది?" అంది. ఓరుగల్లు అనే మాటే గానీ, పుట్టిన పల్లె నేను చెప్పలేను. ఏ పుస్తకంలోనూ లేదు.

పక్కింటి మెట్లమీద బఠానీలు ఒలుస్తున్న ఒకావిడ మమ్మల్నే చూస్తోంది. చిన్నమ్మ ఆవిణ్ణీ అడిగించింది. ఆవిడకు ప్రశ్న విచిత్రంగా తోచినట్టుంది. బఠానీ చిప్పతో వెనక గోడను చూపించి, మేమిక్కడివాళ్లమే, మా అత్తగారి అత్తగారు కూడా ఇక్కడే పుట్టింది, ఇంకెక్కడివాళ్లమవుతాం అంది.

తెలుగులో చెప్పాను. చిన్నమ్మ మొహం విప్పారింది. "దొరికిండ్రు ఢిల్లోళ్లు" అంటూ వెళ్లి ఆ మెట్టుమీద కూర్చుంది. బఠానీలు ఒలవడానికి భాష అక్కర్లేదు. పావుగంట ఇద్దరూ ఒలిచారు, ఓరుగల్లు మనిషి గోరీకి వీపులు ఆనించుకుని.

*

మర్నాడు వాళ్లను రైలెక్కించడానికి వెళ్లాను. ఎదురు సీట్లో ఝాన్సీ దాకా వెళ్లే ఒక పెద్దావిడ కూర్చుంది. సామాన్లు సర్దుతుంటే మాట కలిపి, ఆప్ కహా కీ హై అని నన్నే అడిగింది. ముప్పై ఆరేళ్లుగా ఈ ప్రశ్నకు నా జవాబు హనుమకొండే. నేను నోరు తెరిచేలోగా, మూడు రోజులుగా ఆ ఒక్క హిందీ వాక్యం పదేపదే విన్న చిన్నమ్మ అందుకుంది.

"దిల్లీ" అని నా వైపు వేలు చూపించింది. తర్వాత తన గుండెమీద చెయ్యి వేసుకుని, ఆవిడకు అర్థం కాకపోయినా, "మాది ఓరుగల్లు. మీదే ఊరు బిడ్డా?" అంది.